క్రియాశీల నెట్‌వర్కులు – వాని నిర్వహణ

విద్యార్థులారా! కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు ఏర్పాటునకు నెట్‌వర్కు అని పేరు. సెల్‌ఫోనులో ఒక సందేశము వ్రాసి పంపినచో అది క్షణకాలములో దూరదేశమందున్న బంధువునకు చేరుచున్నది. పంపువారిని, అందుకొనువారిని మనమెరుగుదుము. నడుమనున్న యంత్రములను గూర్చి మాత్రము సాధారణముగా ఆలోచింపము. ఆ యంత్రములు సందేశములను చేతులు మార్చుట తప్ప వేరు పని యెరుగనివా? వానికి క్రొత్త పనులు నేర్పవచ్చునా? నేర్పినచో అవి దారి తప్పకుండ కాపాడుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానములు ఈ పాఠమున తెలిసికొందము.

1. ప్యాకెట్టు, కూడలి

సమాచారము నెట్‌వర్కులో ఒకే ముద్దగా పోదు. చిన్న చిన్న తునకలుగా విభజింపబడి పోవును. ఒక్కొక్క తునకకు ప్యాకెట్టు అని పేరు. 1960వ దశాబ్దములో అమెరికాయందు పాల్ బేరన్ అను ఇంజనీరును, ఇంగ్లండునందు డోనాల్డ్ డేవిస్ అను శాస్త్రజ్ఞుడును ఈ పద్ధతిని వేర్వేరుగా కనిపెట్టిరి. ప్యాకెట్టు అను పేరు పెట్టినవాడు డేవిస్.

ప్రతి ప్యాకెట్టునకును రెండు భాగములు గలవు. మొదటిది శీర్షిక. పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా మున్నగునవి అందుండును. రెండవది సరకు, అనగా అసలు సమాచారము. త్రోవలోని కూడళ్లయందు రూటర్లు, స్విచ్చులు అను యంత్రములు గలవు. ప్యాకెట్టు వచ్చినంతనే కూడలియంత్రము శీర్షికను చదివి, తనయందున్న దారిపట్టికను చూచి, దానిని తరువాతి కూడలికి పంపును. సరకును విప్పదు. తపాలా కార్యాలయములో జాబులను వేరుచేయు ఉద్యోగి కవరుపై చిరునామాను చదువునే గాని లోపలి ఉత్తరమును చదువడు గదా! ఇదియు అట్టిదే.

ఈ పద్ధతిపై నడచిన ఆర్పానెట్ అను అమెరికా నెట్‌వర్కులో తొలి సందేశము 1969 అక్టోబరు 29వ తేదీన పోయెను. నేటి ఇంటర్నెట్టునకు అది పూర్వరూపము.

2. నిర్వహణ అనగానేమి?

నెట్‌వర్కును నెలకొల్పుట ఒక పని, నిలువబెట్టుట వేరొక పని. ఈ రెండవదానికి నిర్వహణ అని పేరు. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ వారు దీనిని ఐదు భాగములు చేసిరి. లోపములను కనుగొని సరిచేయుట, యంత్రములకు తగిన అమరికలను చేయుట, వాడుకకు లెక్క వ్రాయుట, పనితీరును కొలుచుట, భద్రతను కాపాడుట – ఇవి ఆ యైదు.

ఈ పనికై 1988లో ఎస్.ఎన్.ఎం.పి. అను సామాన్యమైన విధానము వెలువడెను. దీని ప్రకారము ప్రతి యంత్రములోను ఒక చిన్న ప్రోగ్రాము ప్రతినిధివలె నుండును. ఎన్ని ప్యాకెట్లు వచ్చినవి, ఎన్ని చెడిపోయినవి, ఏ తీగ పనిచేయుచున్నది మున్నగు లెక్కలను అది పట్టికలో వ్రాసి యుంచును. నిర్వహణ కేంద్రములోని కంప్యూటరు కొంత కాలమున కొకమారు ప్రతి యంత్రమును ఆ లెక్కలడిగి తెలిసికొనును. తీవ్రమైన ప్రమాదము కలిగినచో ప్రతినిధియే అడుగకమునుపే కేంద్రమునకు వార్త పంపును.

పది యంత్రములున్నచోట ఇది చాల చక్కగా నడచును. పదివేల యంత్రములున్నచోటనో? కేంద్రము ప్రశ్నలు వేయుటలోనే అలసిపోవును. ప్రశ్నలును జవాబులునే త్రోవలను నింపివేయును. దూరముననున్న కూడలిలో లోపము కలిగినప్పుడు ఆ వార్త కేంద్రమునకు చేరి, ఆజ్ఞ తిరిగి వచ్చునప్పటికి పరిస్థితి మారిపోవచ్చును. కావున కొంత వివేకమును కూడలియందే ఉంచినచో మేలుగదా యను ఆలోచన పుట్టెను.

3. 1980 నాటి ఒక గుణపాఠము

కూడలియంత్రములకు కొద్దిపాటి వివేకము నిచ్చినను ఎంతటి జాగ్రత్త వలయునో తెలుపు సంఘటన 1980 అక్టోబరు 27వ తేదీన ఆర్పానెట్టులో జరిగెను. ఆనాడు నెట్‌వర్కు మొత్తము కొన్ని గంటలపాటు నిరుపయోగమయ్యెను. దీనిలోని లెక్క మీకు తెలిసిన కూడిక, తీసివేతలకు మించినది కాదు. కావున శ్రద్ధగా గమనింపుడు.

ఆ నెట్‌వర్కులోని ప్రతి కూడలియంత్రమును తన తీగల స్థితిని గూర్చి ఒక ప్రకటనను వ్రాసి తక్కిన యంత్రములన్నింటికిని పంపుచుండెను. అందుకొన్న యంత్రము దానిని భద్రపరచుకొని పొరుగువానికి పంపవలెను. ఏ ప్రకటన పాతదో, ఏది క్రొత్తదో తెలియుటకు ప్రతిదానికిని ఒక వరుససంఖ్య యుండెను. ఆ సంఖ్యకు ఆరు బిట్ల చోటు మాత్రమే యుండుటచే అది 0 నుండి 63 వరకు పోయి, గడియారపు ముల్లువలె మరల 0 నుండి మొదలగుచుండెను. అందుచే ఏది క్రొత్తది యని నిర్ణయించుటకు ఒక నియమము చేసిరి. ఒక సంఖ్యనుండి ముందునకు లెక్కించుచు పోగా 32 అడుగులలోపల, లేక సరిగా 32వ అడుగున, రెండవ సంఖ్య వచ్చినచో ఆ రెండవదియే క్రొత్తది.

ఆ దినమున ఒక యంత్రములోని భాగము చెడి, అందలి బిట్లు జారిపోయెను. దానివలన ఒకే కూడలికి చెందిన మూడు ప్రకటనలు ఒకే కాలమున వెలువడెను. వాని సంఖ్యలు 44, 40, 8. ద్విసంఖ్యామానములో వీనిని వ్రాసి చూడుడు: 101100, 101000, 001000. ఒక్కొక్క 1 జారి 0 అగుటయే తేడా.

ఇప్పుడు నియమమును ప్రయోగింపుడు. 8 నుండి 40కి 32 అడుగులు. కావున 8 కంటె 40 క్రొత్తది. 40 నుండి 44కు 4 అడుగులు. కావున 40 కంటె 44 క్రొత్తది. 44 నుండి 63 దాటి మరల 8కి వచ్చుటకు 28 అడుగులు. కావున 44 కంటె 8 క్రొత్తది! మూడింటిలో ప్రతిదియు మరియొకదానికంటె క్రొత్తదే యైనది. యంత్రములు నియమమును తు.చ. తప్పక పాటించుచు ఈ మూడు ప్రకటనలను ఒకదానివెనుక నొకటిగా అంతము లేక త్రిప్పుచుండెను. వేరు పనికి వానికి తీరిక లేకపోయెను. ఒక యంత్రమును ఆపి మరల నడిపించినను ప్రయోజనము లేకపోయెను. పొరుగు యంత్రము వెంటనే ఆ ప్రకటనలనే మరల అందించుచుండెను. తుదకు నిర్వాహకులు, ఆ కూడలి పేర వచ్చు ప్రకటనలను లెక్కచేయవలదని యంత్రముల ప్రోగ్రాములలో సవరణ చేసి నెట్‌వర్కును కాపాడిరి.

ఇందు ఏ యంత్రమును ఆజ్ఞ మీరలేదు. ఆజ్ఞను మీరకపోవుటయే ప్రమాదమును పెంచెను. నియమము చేసినవారు, రాకూడని సంఖ్యలు వచ్చినచో నేమగునో ఊహింపలేదు. చేయవలసిన పనిని చెప్పుటతో బాటు ఎచ్చట ఆగవలెనో కూడ చెప్పవలెను. ఈ సూత్రము మిగిలిన పాఠమునకు ప్రాణము.

4. క్రియాశీల నెట్‌వర్కు

1990వ దశాబ్దపు నడుమ అమెరికా పరిశోధకులు ఒక సాహసమైన ఆలోచన చేసిరి. ప్యాకెట్టు తనతో సరకును మాత్రమే గాక, ఒక చిన్న ప్రోగ్రామును కూడ మోసికొని పోగూడదా? కూడలియంత్రము ఆ ప్రోగ్రామును అక్కడనే నడుపగూడదా? ఇట్టిదానికి క్రియాశీల నెట్‌వర్కు అని పేరు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన డేవిడ్ టెన్నెన్‌హౌస్, డేవిడ్ వెదరాల్ అను వారు 1996లో ఈ నిర్మాణమును వివరించుచు ఒక వ్యాసము ప్రకటించిరి.

పూర్వపు ప్యాకెట్టు మూతవేసిన జాబు వంటిది. క్రియాశీల ప్యాకెట్టు జాబును చేతబట్టుకొని పోవు దూత వంటిది. దూత త్రోవలో పరిస్థితులను గమనించి, తనకిచ్చిన అధికారమునకు లోబడి నిర్ణయములు చేయును. ముందు త్రోవ క్రిక్కిరిసియున్నచో వేరు త్రోవను వెదకును. అవసరమైనచో తన వంటి మరికొందరిని పంపును.

నిర్వహణకు ఇది మిక్కిలి ఉపయోగకరము. బి.బి.ఎన్. అను సంస్థ వారు స్మార్టు ప్యాకెట్లు అను పేర ఒక ప్రయత్నము చేసిరి. నిర్వహణ కార్యము చేయు ప్రోగ్రామును సుమారు ఒక కిలోబైటు పరిమాణములో, ఒకే ప్యాకెట్టులో ఇముడునట్లు వ్రాసి కూడళ్లకు పంపిరి. ఆ ప్రోగ్రాము కూడలియందే లెక్కలను పరీక్షించి, కేంద్రమునకు వలయు సారమును మాత్రమే పంపును. వేయి అంకెలు ప్రయాణము చేయుటకు బదులు ఒక జవాబు ప్రయాణము చేయును.

5. దూతకు హద్దులు

కాని ఆ దూత దుర్మార్గుడైనచో? పోనీ, తెలివి తక్కువవాడైనచో? పరుల ప్రోగ్రామును తన యంత్రములో నడుపుట, అపరిచితుని ఇంటిలోనికి పిలిచి తాళపుచెవి ఇచ్చుట వంటిది. ఇందు మూడు భయములు గలవు. ప్రోగ్రాము ఎన్నటికిని ముగియకుండుట, ఇతరుల సమాచారమును తాకుట, తనవంటి ప్యాకెట్లను లెక్కలేనన్ని పుట్టించుట.

మూడవ భయమును లెక్కతో చూతము. ఒక ప్యాకెట్టునకు 20 కూడళ్ల ఆయువు నిచ్చితిమనుకొందము. అది ప్రతి కూడలిలోను రెండుగా చీలినచో మొదట 2, తరువాత 4, ఆపైన 8. ఇట్లు ఇరువదవ అడుగునకు 10,48,576 ప్యాకెట్లగును. ఆయువునకు హద్దు పెట్టినను ఒక్క ప్యాకెట్టు పదిలక్షలయ్యెను! కావున ఆయువునకు హద్దు చాలదు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వారు ప్లాన్ అను ప్రోగ్రాము భాషలో దీనికి చక్కని ఉపాయము చేసిరి. ప్యాకెట్టునకు మొదట కొంత పైకము చేతికిచ్చినట్లు ఒక సంఖ్య నిత్తురు. ఒక్కొక్క పయనమునకు అందుండి ఒకటి తరుగును. ప్యాకెట్టు పిల్లప్యాకెట్లను పుట్టింపదలచినచో తన వద్దనున్న సంఖ్యలోనుండియే వానికి పంచి యీయవలెను. మొదటి సంఖ్య 20 అయినచో, అది ఎన్నిగా చీలినను మొత్తము పయనములు 20కి మించవు. తండ్రి యాస్తిని పంచుకొన్న బిడ్డలందరి వాటాలును కలిసి ఆ యాస్తిని మించనట్లే ఇదియు. అంతేగాక ఆ భాషలో అంతులేని ఆవృత్తులు వ్రాయుటకే వీలులేకుండ చేసిరి. కావున అందు వ్రాసిన ప్రతి ప్రోగ్రామును ముగిసియే తీరును.

ఇన్ని ఉపాయములు చేసినను క్రియాశీల నెట్‌వర్కులు లోకమున విస్తరింపలేదు. ప్రతి ప్యాకెట్టునకును ప్రోగ్రాము నడుపుట వలన వేగము తగ్గెను. భద్రతను గూర్చిన సందేహములు తీరలేదు. సంస్థలు తమ యంత్రములను పరుల ప్రోగ్రాములకు అప్పగించుటకు ఇష్టపడలేదు. అయినను ఆ ఆలోచన నశింపలేదు, వేషము మార్చుకొనెను.

6. ప్రోగ్రామునకు లోబడు నెట్‌వర్కు

కూడలియంత్రములో రెండు పనులు గలవు. ప్యాకెట్టు ఏ త్రోవన పోవలెనో నిర్ణయించుట మొదటిది. ఆ నిర్ణయము ప్రకారము ప్యాకెట్టును పంపుట రెండవది. పూర్వము ఈ రెండును ప్రతి యంత్రములోను కలిసి యుండెడివి. వీనిని విడదీసి, నిర్ణయములన్నియు కేంద్రమందలి ఒక ప్రోగ్రామునకు అప్పగించి, యంత్రములకు అమలుపనిని మాత్రమే మిగిల్చినచో నెట్‌వర్కునంతను ఒకే చోటనుండి నడిపింపవచ్చును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన నిక్ మెక్‌కియోన్ మున్నగువారు 2008లో ప్రకటించిన ఓపెన్‌ఫ్లో అను పద్ధతి దీనికి దారి తీసెను. ఇందు కేంద్రము ప్రతి స్విచ్చునకును నియమములు గల పట్టికను పంపును. “ఇట్టి శీర్షిక గల ప్యాకెట్టు వచ్చినచో ఇట్లు చేయుము” అనునదియే ప్రతి నియమముయొక్క రూపము.

గూగుల్ సంస్థ తన కంప్యూటరు కేంద్రములను కలుపు నెట్‌వర్కును ఈ రీతిగా నడుపుచున్నట్లు 2013లో వివరముగా ప్రకటించెను. 2014లో పి-4 అను భాష వెలువడెను. స్విచ్చు ఏ శీర్షికలను చదువవలెనో, చదివి ఏమి చేయవలెనో ఆ భాషలో వ్రాయవచ్చును. క్రియాశీల నెట్‌వర్కునకును దీనికిని గల భేదమును గమనింపుడు. అందు ప్రోగ్రామును ప్యాకెట్టు తెచ్చును. ఇందు నెట్‌వర్కు యజమాని ముందుగా పరీక్షించి అమర్చును. దారినపోవు ప్రతివాడును ఆజ్ఞాపింపలేడు.

7. పాత ఆజ్ఞ, క్రొత్త ఆజ్ఞ

కేంద్రము ఒకటే యైనను ఆజ్ఞ అన్ని యంత్రములకును ఒకే క్షణమున చేరదు. కొన్నింట పాత ఆజ్ఞయు, కొన్నింట క్రొత్త ఆజ్ఞయు నడచు సమయము కొంత యుండును. అదియే అపాయకరమైన ఘడియ.

క, ఖ అని రెండు స్విచ్చులున్నవనుకొందము. ఆ రెండింటినుండియు గమ్యమునకు తీగలు గలవు. పాత ఆజ్ఞ ప్రకారము ‘క’ తన ప్యాకెట్లను ‘ఖ’కు పంపును; ‘ఖ’ వానిని గమ్యమునకు పంపును. ‘ఖ’ నుండి గమ్యమునకు పోవు తీగను బాగుచేయవలసి వచ్చెను. అందుచే క్రొత్త ఆజ్ఞ ప్రకారము ‘ఖ’ తన ప్యాకెట్లను ‘క’కు పంపవలెను; ‘క’ వానిని తిన్నగా గమ్యమునకు పంపవలెను. క్రొత్త ఆజ్ఞ ముందుగా ‘ఖ’కు మాత్రమే చేరినదనుకొనుడు. ‘క’ పాత అలవాటున ‘ఖ’కు పంపును. ‘ఖ’ క్రొత్త ఆజ్ఞ ప్రకారము దానినే ‘క’కు త్రిప్పి పంపును. పాత ఆజ్ఞయు తప్పు కాదు, క్రొత్త ఆజ్ఞయు తప్పు కాదు. రెండింటి కలయికయే తప్పు.

దీనికి 2012లో పరిశోధకులు ఒక క్రమమును సూచించిరి. ముందుగా క్రొత్త నియమములను స్విచ్చులన్నింటను పాతవాని ప్రక్కన చేర్చి యుంచవలెను. పిమ్మట నెట్‌వర్కులో ప్రవేశించు ప్రతి ప్యాకెట్టుపైనను ‘క్రొత్తది’ యను ముద్ర వేయవలెను. ముద్రగలవి క్రొత్త నియమములనే, ముద్రలేనివి పాత నియమములనే ఆద్యంతము అనుసరించును. పాతవన్నియు గమ్యము చేరిన తరువాతనే పాత నియమములను తొలగింపవలెను. ఈ విధమున ఏ ప్యాకెట్టును రెండు ఆజ్ఞల నడుమ నలుగదు. కొంతకాలము రెండు పట్టికలకును చోటు కావలసివచ్చుట మాత్రము దీని వెల.

8. ఒక్క ఆజ్ఞ చేసిన పని

అధికారమునంతను ఒకచోట చేర్చుట వలన మేలు గలదు, కీడును గలదు. 2021 అక్టోబరు 4వ తేదీన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ సేవలు సుమారు ఆరు గంటలు ప్రపంచమంతటను నిలిచిపోయినవి. మన దేశమున అప్పుడు రాత్రి తొమ్మిది గంటలు దాటెను. ఫోను చెడెనని అనుకొని ఆపి, మరల తెరచినవారెందరో!

ఆ సంస్థ తరువాత ప్రకటించిన వివరణ ఇట్లున్నది. నిత్యపు మరమ్మతు పనిలో భాగముగా, ప్రధాన త్రోవలలో ఎంత చోటు గలదో తెలిసికొనుటకు ఒక ఆజ్ఞ యిచ్చిరి. అది ఆ త్రోవలనన్నింటిని తెంచివేసెను. ఇట్టి ఆజ్ఞలను ముందుగా పరీక్షించి ఆపుటకు ఒక ప్రోగ్రాము లేకపోలేదు. ఆ ప్రోగ్రాములోనే దోషముండుటచే అది ఆపలేదు. త్రోవలు తెగినంతనే, ఆ సంస్థ చిరునామాలను లోకమునకు తెలుపు కంప్యూటర్లు తమలోనే లోపమున్నదని భావించి తమ ప్రకటనలను ఉపసంహరించుకొనెను. లోపమును సరిచేయువారు దూరమునుండి యంత్రములను చేరుటకు గల త్రోవలును మూసికొనిపోయినవి. మనుష్యులు స్వయముగా యంత్రములున్న భవనములకు పోవలసివచ్చెను.

1980 నాటి సంఘటనతో దీనిని పోల్చి చూడుడు. నాడు యంత్రపు బిట్లు జారెను, నేడు మనుష్యుని ఆజ్ఞ గురి తప్పెను. రెండుచోట్లను యంత్రములు తమ నియమములనే పాటించినవి. రెండుచోట్లను ‘ఆగుము’ అనవలసినది అనలేకపోయెను.

9. సారాంశము

క్రియాశీల నెట్‌వర్కులనైనను, ప్రోగ్రామునకు లోబడు నెట్‌వర్కులనైనను నిర్వహింపదలచినవారు నాలుగు సంగతులను మరువరాదు. మొదటిది, ఏ ప్రోగ్రామునకైనను కాలమునందును, వ్యయమునందును హద్దు ఉండవలెను. రెండవది, ఆజ్ఞను అమలుచేయుటకు ముందు పరీక్షింపవలెను. పరీక్షించు ప్రోగ్రామును కూడ పరీక్షింపవలెను. మూడవది, పాత ఏర్పాటునుండి క్రొత్త ఏర్పాటునకు మారు క్రమమును ముందే ఆలోచింపవలెను. నాలుగవది, నెట్‌వర్కు పడిపోయినను దానిని లేవనెత్తుటకు దానిపై ఆధారపడని వేరు త్రోవ ఉండవలెను. బావిలో దిగువాడు త్రాటి కొనను గట్టుననే కట్టును గాని తన నడుమునకు మాత్రమే కట్టుకొనడు గదా!

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇట్టి శాస్త్రవిషయములు ఇతర భాషలలోనే గాని మన తెలుగున పలుకవని కొందరు పిల్లలు భావించుచున్నారు. రూటరు, ప్యాకెట్టు వంటి పేర్లను ఉన్నవి ఉన్నట్లు తీసికొనినను, కారణమును కార్యమును కలుపు వాక్యము మన భాషలోనిదే. తాను నేర్చినదానిని ఇంటిలోని పెద్దలకు ఇంటిభాషలో తెలియజెప్పగలిగిన పిల్లవానికే అది నిజముగా వచ్చినట్లు. దయచేసి వారిని అడుగుడు, వారు చెప్పునది ఓపికతో వినుడు.

అభ్యాసము

1. వరుససంఖ్య 0 నుండి 63 వరకు తిరుగుచున్నది. పాఠములోని నియమము ప్రకారము 60, 5 అను సంఖ్యలలో ఏది క్రొత్తది? ఎట్లు?
2. ఒక ప్యాకెట్టు ప్రతి కూడలిలోను మూడుగా చీలుచున్నది. హద్దు లేనిచో ఐదవ అడుగునకు ఎన్ని ప్యాకెట్లగును?
3. క, ఖ స్విచ్చుల ఉదాహరణములో ముద్ర వేయు పద్ధతి లేకున్నను, సుడి పుట్టకుండ ఆజ్ఞను ముందుగా దేనికి పంపవలెను? కారణము వ్రాయుడు.
4. క్రియాశీల నెట్‌వర్కునకును, ప్రోగ్రామునకు లోబడు నెట్‌వర్కునకును గల ముఖ్యభేదమును ఐదు వాక్యములలో వ్రాయుడు.
5. 44, 40, 8 సంఖ్యల కథను ఇంటిలో పెద్దలకు గడియారము చూపి వివరింపుడు. వారు వేసిన ప్రశ్నలను వ్రాసికొని తరగతికి తెండు.